ఫిలదెల్ఫియకు ఇచ్చిన మాట

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిసే వేళకి చాలా తెలుగు సంఘాల్లో ఒక పళ్లెం చేతులు మారుతుంది. దాన్నిండా వాగ్దాన కార్డులు. కళ్లు మూసుకుని ఒకటి తీసుకుంటారు. రాబోయే ఏడాదికి దేవుడు తమకిచ్చిన మాట అదేనని బైబిల్లోనో ఫోన్ కవరు వెనకాలో దాచుకుంటారు. ఆ పళ్లెంలో తరచుగా కనిపించే వాక్యాల్లో ఒకటి ప్రకటన గ్రంథం 3వ అధ్యాయం 8వ వచనం: "ఇదిగో తలుపు నీ యెదుట తీసియుంచియున్నాను." వీసా కోసం ఎదురుచూసేవాళ్లకి అది వీసా తలుపు. డీఎస్సీ రాసినవాళ్లకి ఉద్యోగం తలుపు. సంబంధాలు కుదరని ఇంట్లో ఆ తలుపు ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

అలా చదువుకోవడం తప్పని కొట్టిపారేయడం తేలికే. కానీ ఆ కార్డులో పట్టని భాగం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అది ఒక ఉత్తరం మధ్యలోని వాక్యం. ప్రకటన గ్రంథం మొదట్లో క్రీస్తు యోహాను చేత ఏడు సంఘాలకి రాయించిన ఉత్తరాల్లో అది ఒకటి, ఒక ఊళ్లోని చిన్న సంఘానికి వెళ్లింది. ఆ వాక్యంలో క్రియ కూడా భవిష్యత్తు కాలంలో లేదు. క్రీస్తు "తీస్తాను" అనలేదు, "తీసియుంచియున్నాను" అన్నాడు. తలుపు ఇదివరకే తెరిచి ఉంది, ఇప్పటికీ తెరిచే ఉంది అని గ్రీకు మూలం చెప్పే భావాన్ని తెలుగు అనువాదకులు మూడు క్రియలు ఒకదాని మీద ఒకటి పేర్చి సరిగ్గా పట్టుకున్నారు. మనం మాత్రం జనవరి ఒకటి నుంచి తెరుచుకోబోయే తలుపుగా చదువుకుంటాం.

ఆ ఊరు ఫిలదెల్ఫియ. నేటి టర్కీ పశ్చిమ భాగంలో, ఇజ్మీర్‌కి తూర్పుగా వంద కిలోమీటర్లు దాటాక వచ్చే ఆలాషెహిర్ పట్టణం అదే. క్రీస్తుకు పూర్వం 2వ శతాబ్దంలో పెర్గము రాజుల హయాంలో ఏర్పడింది. రాజు రెండవ అత్తాలుకు తన అన్న మీదున్న ప్రేమ వల్ల 'ఫిలదెల్ఫుడు' అనే బిరుదు ఉండేది, ఊరి పేరు అక్కడి నుంచే వచ్చింది. పక్కనే అగ్నిపర్వతాల బూడిద పరుచుకున్న నేల. గ్రీకులు దాన్ని 'కాలిపోయిన భూమి' అనేవాళ్లు. ద్రాక్షకి అంతకన్నా మంచి నేల దొరకదు. ఇప్పటికీ ఆలాషెహిర్ అంటే టర్కీలో గుర్తొచ్చేది గింజల్లేని ద్రాక్ష, ఎండు ద్రాక్షే.

పంటనిచ్చిన ఆ నేలే ప్రాణం మీదికీ తెచ్చేది. క్రీ.శ. 17లో ఒక రాత్రి వచ్చిన భూకంపంలో ఆసియా ప్రాంతంలోని పన్నెండు పట్టణాలు కూలిపోయాయి. అన్నిటికన్నా దెబ్బతిన్నది సార్దీసు. యాభై కిలోమీటర్ల లోపే ఉన్న ఫిలదెల్ఫియ కూడా ఆ జాబితాలో ఉంది. చక్రవర్తి తిబెరి పన్నులు మాఫీ చేశాడు. ఆ రోజుల్లోనే భూగోళ వివరాలు రాసిన స్ట్రాబో ఈ ఊరి గురించి చెప్పిన మాటలు వింతగా ఉంటాయి. గోడలు రోజూ బీటలు వారుతూనే ఉంటాయట. ఊళ్లో ఉండేది కొద్దిమందేనట, ఎక్కువమంది బయట పొలాల్లోనే కాపురం ఉంటారట. అసలు ఇలాంటి చోట ఊరు కట్టాలని ఎవరికి తోచిందో అని ఆయన ఆశ్చర్యపోయాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ప్రకటన గ్రంథం రాసింది రోమా చక్రవర్తి డొమీషియన్ పాలన చివర్లో, దాదాపు క్రీ.శ. 95లో అని ఎక్కువమంది పండితులు అంటారు. అంటే భూకంపం అప్పటికి సుమారు ఎనభై ఏళ్ల పాతది. ఉత్తరంలోని ప్రతి మాటకీ ఊరి చరిత్రలో ఒక మూల వెతికే అలవాటు 20వ శతాబ్దం మొదట్లో పురాతత్వవేత్త విలియం రామ్సే రచనలతో బాగా పాకింది. అందులో కొంత గట్టి విషయం, కొంత ఊహ. డొమీషియన్ 92 ప్రాంతంలో ద్రాక్షతోటలు సగం నరకమని ఇచ్చిన ఉత్తర్వును కూడా ఈ ఉత్తరానికి ముడిపెడతారు. ఆ ఉత్తర్వు పూర్తిగా అమలే కాలేదు కాబట్టి ఆ ముడి వదులుగానే ఉంది. భూకంపం సంగతి అలాంటిది కాదు. దివిసీమ ఉప్పెన వచ్చింది 1977లో. ఆ తర్వాత పుట్టినవాళ్లు కూడా అక్కడ దాని గురించి నిన్న జరిగినట్టే చెబుతారు. పైగా ఫిలదెల్ఫియలో నేల కదలడం ఒక్కసారితో ఆగలేదు.

ఉత్తరం మొదలయ్యేది తాళంచెవితో. "దావీదు తాళపు చెవి కలిగి, యెవడును వేయలేకుండ తీయువాడును, ఎవడును తీయలేకుండ వేయువాడు" అని క్రీస్తు తనను పరిచయం చేసుకుంటాడు. ఈ మాట యెషయా 22వ అధ్యాయంలోది. అక్కడ కథ ఒక రాజాస్థానపు ఉద్యోగిది. హిజ్కియా రాజు ఇంట గృహనిర్వాహకుడు షెబ్నా. రాజుని ఎవరు కలవాలి, ఎవరు కలవకూడదు అన్నది అతని చేతిలోనే ఉంటుంది. అతను కొండరాతిలో తన కోసం ఎత్తుమీద గొప్ప సమాధి తొలిపించుకుంటున్నాడని ప్రవక్త మండిపడతాడు. అతన్ని తీసేసి ఎల్యాకీముకి పదవి ఇస్తానని, దావీదు ఇంటి తాళం అతని భుజం మీద పెడతానని దేవుడు అంటాడు. భుజం మీద పెట్టడం ఉత్త అలంకారం కాదు. ఆ కాలపు కొయ్య తాళంచెవులు జేబులో పట్టే సైజువి కావు.

1870లో యెరూషలేము పక్కన సిల్వాన్ గ్రామంలో ఒక సమాధి గుమ్మం పైరాతి మీద చెక్కిన హెబ్రీ అక్షరాలు దొరికాయి. ఆ రాయి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. 'ఇంటి మీద అధికారి' అనే హోదా దాని మీద స్పష్టంగా కనిపిస్తుంది. పేరులో చివరి భాగం 'యాహు' మాత్రమే మిగిలింది, ముందు భాగం పగిలిపోయింది. అది షెబ్నా సమాధే కావచ్చని చాలామంది అంటారు గానీ పేరు సగమే ఉన్నందున తేల్చి చెప్పడానికి లేదు. ఆ శాసనం చెప్పేదేమిటంటే, ఇక్కడ వెండీ లేదు, బంగారమూ లేదు, ఎముకలే ఉన్నాయి, దీన్ని తెరిచినవాడు శాపగ్రస్తుడు. బతికున్నప్పుడు రాజుగారి తలుపుల మీద పెత్తనం చేసిన హోదా మనిషి, చచ్చాక తన తలుపు ఎవరూ తెరవకూడదని శాపం చెక్కించుకున్నాడు. యెషయా 22ని ఆ రాతి పక్కన పెట్టి చదివితే తాళంచెవి మాటకి బరువు వస్తుంది.

ఆ అధ్యాయం సుఖాంతం కూడా కాదు. ఎల్యాకీముని గట్టి చోట కొట్టిన మేకులా దిగగొడతానని 23వ వచనం అంటుంది. అతని మీద ఇంటిల్లిపాదీ, చెంబులూ గిన్నెలతో సహా వేలాడతారు. 25వ వచనానికి వచ్చేసరికి ఆ మేకు ఊడి, దానికి తగిలించినవన్నీ కింద పడతాయి. మంచి ఉద్యోగి కూడా ఎక్కువకాలం మోయలేకపోయాడన్నమాట. ఫిలదెల్ఫియ ఉత్తరం మొదట్లో తాళంచెవి, చివర్లో స్తంభం ఉన్నాయి. మేకు ఉండాల్సిన చోట స్తంభం వచ్చింది. రాసినవాడు యెషయాని చివరిదాకా చదివే రాశాడు.

మరి ఏ తలుపు? పౌలు ఉత్తరాల్లో తెరిచిన తలుపు అంటే సువార్త చెప్పడానికి దొరికిన అవకాశం. మొదటి కొరింథీ 16లో ఎఫెసు గురించి, రెండవ కొరింథీ 2లో త్రోయ గురించి ఆయన అలాగే వాడాడు. మిషనరీ సభల్లో ఈ వచనాన్ని ఆ అర్థంలోనే ప్రకటిస్తారు. కానీ ఇక్కడ పక్క వచనాలు మరో దిక్కు చూపిస్తాయి. "నీకున్న శక్తి కొంచెమై యుండినను" నా పేరు ఎరగనని అనలేదు అంటాడు. ఎరగనని అనమని ఎవరో ఒత్తిడి చేశారన్నమాట. ఆ వెంటనే యూదుల ప్రార్థనా స్థలమైన సమాజమందిరంతో తగాదా ప్రస్తావన వస్తుంది. యూదులకి రోమా పాలనలో తమ ఆచారాలు పాటించుకునే పాత వెసులుబాటు ఉండేది. చక్రవర్తి పూజ నుంచి అది వాళ్లని కాపాడేది. యేసును నమ్మినవాళ్లని ఆ సమాజం బయటికి నెడితే ఆ గొడుగు కూడా పోతుంది. ఫిలదెల్ఫియ విశ్వాసులకి మూసుకుపోయింది ఆ తలుపేనని చాలామంది వ్యాఖ్యాతల అంచనా. ఊరి నుంచి భూకంపం బయటికి తరిమింది, మందిరం నుంచి మనుషులు తరిమారు. దేవుని ఇంటి తాళంచెవి మాత్రం తరిమినవాళ్ల దగ్గర లేదు అని క్రీస్తు వాళ్లకి చెబుతున్నాడు. సువార్త అవకాశం అనే అర్థం కన్నా ఈ అర్థమే ఉత్తరానికి బాగా అతుకుతుంది.

ఆ తగాదా గురించిన 9వ వచనంలో "సాతాను సమాజపు వారు" అనే మాట ఉంది. తర్వాతి శతాబ్దాల్లో క్రైస్తవులు అధికారంలోకి వచ్చాక ఈ మాటని యూదుల మీదికి రాయిలా విసిరారు. రాసిన యోహాను యూదుడే. వాదన ఒకే ఇంట్లోని అన్నదమ్ములది, అందులోనూ బలహీనమైన పక్షం పలికిన మాట అది. చిన్నవాడు ఏడుస్తూ అన్న మాటని పెద్దవాడు కర్రగా చేసుకుంటే అర్థం తలకిందులవుతుంది. పైగా వాళ్లు వచ్చి పాదాల ఎదుట పడతారన్న వర్ణన యెషయా 60 నుంచి వచ్చింది. అక్కడ అన్యజనులు ఇశ్రాయేలు ఎదుట వంగుతారు. ఇక్కడ దిశ మారింది, కానీ ఉద్దేశం పగ తీర్చుకోవడం కాదు. "నేను నిన్ను ప్రేమించితినని తెలిసికొనునట్లు" అని వచనం ముగుస్తుంది. వాళ్లకి తెలియాల్సింది ఆ ఒక్క విషయమే.

10వ వచనం దగ్గరికి వస్తే తెలుగు పాఠకుడికి కనిపించని ఒక అందం ఉంది. "నీవు నా ఓర్పు విషయమైన వాక్యము గైకొంటివి గనుక... నేనును నిన్ను కాపాడెదను." గ్రీకులో 'గైకొంటివి', 'కాపాడెదను' రెండూ ఒకే క్రియ. వాడుక తెలుగులో చెప్పాలంటే, నువ్వు నా మాట కాపాడావు, నేను నిన్ను కాపాడతాను. మాట కాపాడటం అనే పలుకుబడి మనకి ఉండగా అనువాదం దాన్ని వాడుకోకపోవడం కొంచెం లోటే.

అదే వచనం మీద పెద్ద గొడవ కూడా ఉంది. శోధన కాలం 'లో' కాపాడతాడా, శోధన కాలం 'నుంచి' తప్పిస్తాడా? లోకాంతంలో వచ్చే మహాశ్రమలకి ముందే సంఘం పరలోకానికి ఎత్తబడుతుందని బోధించేవాళ్లకి ఇది ముఖ్యమైన ఆధారం. ఆ బోధకి 1830ల నుంచి ఒక పద్ధతి కల్పించినవాడు ప్లిమత్ బ్రెద్రెన్ అనే క్రైస్తవ శాఖ నాయకుడు జాన్ నెల్సన్ డార్బీ. తెలుగునాట బ్రెద్రెన్, పెంతెకొస్తు పీఠాల మీద ఇది నేటికీ గట్టిగా వినిపిస్తుంది. గ్రీకులో ఉన్న 'ఎక్' అనే విభక్తికి 'నుంచి', 'లోనుంచి' అని అర్థం. తెలుగు బైబిలు మాత్రం "శోధన కాలములో" అంది. అంటే ఎత్తబడటం గురించి రెండు గంటలు బోధించే పాస్టరుగారి చేతిలోని తెలుగు బైబిలే ఆయన వాదనకి అంతగా సాయపడదు. ఈ క్రియ, ఈ విభక్తి కలిసి కొత్త నిబంధనలో వచ్చేది ఇంకొక్క చోటే, యోహాను 17:15లో. అక్కడ యేసు, వీళ్లని లోకంలోనుంచి తీసుకుపొమ్మని ప్రార్థించడం లేదు, దుష్టుని నుంచి కాపాడమని ప్రార్థిస్తున్నాను అంటాడు. తీసుకుపోకుండానే కాపాడటం. రెండు చోట్లా ఒకే మాట ఉన్నప్పుడు, ఇక్కడ కూడా ఆ అర్థమే దగ్గరగా ఉంది అనుకోవడం సబబు.

డార్బీ పేరు వచ్చింది కాబట్టి ఒక పక్క మాట. 1836లో బ్రెద్రెన్ మిషనరీ ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లాండు నుంచి బయల్దేరిన బౌడెన్, బీర్ కుటుంబాలే తర్వాత నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో గోదావరి డెల్టా మిషన్‌కి పునాది వేశాయి. అదే ఏడాది గ్రోవ్స్ డార్బీకి ఒక ఉత్తరం రాశాడు. మీ సహవాసం ఇరుకైపోతోంది, ఎవరిని దూరం పెట్టాలన్న లెక్క మీద నడుస్తోంది అని అందులో హెచ్చరించాడు. 1848లో బ్రెద్రెన్ ఓపెన్, ఎక్స్‌క్లూజివ్ అని రెండుగా చీలిపోయారు. చీలిక అంతా రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్ల దగ్గరికి ఎవరిని రానివ్వాలి అన్న తలుపు గురించే.

ఏడు సంఘాలు ఏడు చరిత్ర యుగాలన్న బోధ కూడా ఆ వర్గాల్లోనే పాకింది. దాని ప్రకారం ఫిలదెల్ఫియ అంటే గొప్ప మిషనరీ యుగం, లవొదికయ అంటే చివరి రోజుల నులివెచ్చని సంఘం. ఈ లెక్కలో ఒక చిత్రం జరుగుతుంటుంది. ప్రతివాళ్లకీ తమది ఫిలదెల్ఫియ, వీధి చివరి సంఘం లవొదికయ. మన ఊళ్లలో ఫిలదెల్ఫియ పేరుతో మందిరాల బోర్డులు చాలా కనిపిస్తాయి. లవొదికయ పేరు పెట్టుకునే సాహసం ఎవరూ చేయరు. ఉత్తరం మాత్రం ఫిలదెల్ఫియని పెద్ద సంఘమని ఎక్కడా పొగడలేదు. ఏడింటిలో మందలింపు లేకుండా ఉత్తరం అందుకున్నవి స్ముర్న, ఫిలదెల్ఫియ రెండే. ఒకటి దరిద్రంలో ఉంది, రెండోదానికి శక్తి కొంచెం. ఆ శక్తి పెరుగుతుందని కూడా ఇక్కడ వాగ్దానం లేదు. హాజరు పెరుగుతుందని లేదు, స్థలం దొరుకుతుందని లేదు. "నీకు కలిగినదానిని గట్టిగా పట్టుకొనుము" అంతే. తర్వాతి ఉత్తరంలో లవొదికయ తలుపు మూసి ఉంటుంది, క్రీస్తు బయట నిలబడి తడుతుంటాడు. వరసగా వచ్చిన రెండు తలుపుల్ని కలిపి చదివితే డబ్బున్న సంఘం లోపలి నుంచి గడియ పెట్టుకుందని, బయటికి నెట్టిన సంఘానికి తలుపు తీసి ఉందని కనిపిస్తుంది. రెండూ క్యాలెండర్ల మీద వేరు వేరు నెలల్లో వస్తాయి కాబట్టి ఈ పోలిక తప్పిపోతుంది.

చివరి వాగ్దానం స్తంభం. "జయించు వానిని నా దేవుని ఆలయములో ఒక స్తంభముగా చేసెదను; అందులోనుండి వాడు ఇకమీదట ఎన్నటికిని వెలుపలికిపోడు." నేల కదిలినప్పుడల్లా పిల్లల్ని చంకనేసుకుని ఊరి బయటికి పరుగెత్తిన జనానికి 'ఇక వెలుపలికి పోడు' అన్న మాట ఎలా వినిపించి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఆలయం నిలబడేది స్తంభాల మీద. ఇక్కడ మనిషే స్తంభం. సొలొమోను ఆలయపు ముందర యాకీను, బోయజు అని పేర్లున్న రెండు స్తంభాలు ఉండేవి. బబులోనువాళ్లు వాటిని ముక్కలు చేసి ఇత్తడి కోసం పట్టుకుపోయారు. ఇదే ప్రకటన గ్రంథం 21వ అధ్యాయంలో కొత్త యెరూషలేములో అసలు ఆలయమే కనబడలేదు, దేవుడూ గొర్రెపిల్ల అయిన క్రీస్తూ దానికి ఆలయం అని ఉంటుంది. మరి ఆలయం లేని ఊళ్లో స్తంభం ఎక్కడ నిలబడుతుంది? అక్షరార్థం పట్టుకుంటే ఇరుక్కుపోతాం. దేవుడే ఆలయమైతే, ఆ సన్నిధిలో కదలని చోటు దొరకడమే స్తంభం కావడం.

ఆ స్తంభం మీద మూడు పేర్లు రాస్తానంటాడు. దేవుని పేరు, దేవుని పట్టణం పేరు, తన కొత్త పేరు. ఊరి పేరు మారడం ఫిలదెల్ఫియకి అలవాటే. భూకంపం తర్వాత చక్రవర్తి సాయానికి కృతజ్ఞతగా నియోకైసరియ అని పేరు పెట్టుకుంది. తర్వాత చక్రవర్తి వెస్పాసియన్ వంశం పేరు మీద ఫ్లావియ అని తగిలించుకుంది. పాలకుడు మారితే బోర్డు మారడం మనకీ కొత్త కాదు. సాయం చేసినవాడి పేరు రాయించుకోవడం మరీ పాత అలవాటు. అమరావతి స్తూపం రాళ్ల మీద దాతల పేర్లున్నాయి, ఇవాళ చర్చిలో ఫ్యాను రెక్కల మీదా ఉన్నాయి. ఉత్తరంలో ఇది తిరగబడింది. ఇచ్చినవాడు దేవుడు, ఆయన పేరే మనిషి మీద ఉంటుంది. స్తంభమైనవాడి సొంత పేరు దాని మీద ఉంటుందని ఎక్కడా చెప్పలేదు.

ఈ ఉత్తరం వెళ్లిన పది, పదిహేనేళ్లకి అంతియొకయ బిషప్పు ఇగ్నాతి సంకెళ్లతో రోముకి పోతూ ఫిలదెల్ఫియ మీదుగా వెళ్లాడు. తర్వాత ఆ సంఘానికి ఒక ఉత్తరం రాశాడు, అది మనకి దొరికింది. యూదా ఆచారాల తగాదా అప్పటికీ నడుస్తూనే ఉంది. అందులో రెండు మాటలు ఆగి చూడాల్సినవి. క్రీస్తు గురించి మాట్లాడనివాళ్లు మనుషుల పేర్లు మాత్రమే చెక్కిన స్మారక శిలలు, సమాధులు అంటాడు. క్రీస్తు తండ్రి దగ్గరికి తలుపు, అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు, ప్రవక్తలు, అపొస్తలులు, సంఘం అందరూ దాని గుండానే వెళ్తారు అని మరోచోట అంటాడు. ఆయన ప్రకటన గ్రంథం చదివాడో లేదో తేల్చడం కష్టం. తలుపు, పేర్లు చెక్కిన రాయి ఆ ఊరికి రాసిన ఉత్తరంలోనే వచ్చాయి. మరో తరం గడిచాక స్ముర్నలో అక్కడి బిషప్పు పొలికార్పుతో పాటు విశ్వాసం కోసం చనిపోయిన ఫిలదెల్ఫియవాళ్లు పదకొండు మంది.

చరిత్ర ఈ వాగ్దానాన్ని ఊరి మీద కూడా పరీక్షించింది. చుట్టుపక్కల పట్టణాలన్నీ తుర్కుల చేతికి పోయాక కూడా ఫిలదెల్ఫియ చాలాకాలం ఒంటరిగా నిలబడింది. 1390లో ఒట్టోమన్ సుల్తాను బయజీదు దాన్ని పట్టుకున్నప్పుడు బైజాంటైన్ సహ చక్రవర్తి మాన్యుయేల్ సుల్తాను సైన్యంలోనే ఉండాల్సి వచ్చింది. సొంత ఊరి మీదికి, శత్రువు పక్షాన. 18వ శతాబ్దంలో చరిత్రకారుడు గిబ్బన్ ఈ ఊరిని శిథిలాల మధ్య నిలిచిన స్తంభంతో పోల్చాడు. వాగ్దానం నెరవేరిందనడానికి ఆ పోలికని బోధకులు చాలాకాలం వాడుకున్నారు. 1922 యుద్ధంలో ఊరు కాలిపోయింది, 1923లో టర్కీ, గ్రీసు జనాభా మార్పిడి చేసుకున్నాయి. తరతరాలుగా అక్కడున్న గ్రీకు క్రైస్తవులు మిగల్లేదు. వాగ్దానాన్ని ఊరికి కట్టినవాళ్ల వాదన అక్కడితో ఆగిపోయింది. ఉత్తరం మాత్రం స్తంభం అవుతుందని ఊరి గురించి చెప్పలేదు. "జయించు వానిని" అని ఏకవచనంలో చెప్పింది.

ఆలాషెహిర్‌లో ఇళ్ల మధ్య చిన్న ఆవరణలో యోహాను పేరిట కట్టిన బైజాంటైన్ చర్చి తాలూకు ఇటుక స్తంభాలు ఇప్పటికీ ఉన్నాయి. అడుగున రాయి, పైన ఇటుక. 1969లో అక్కడ మళ్లీ పెద్ద భూకంపం వచ్చింది. అవి పడిపోలేదు. పైకప్పు లేదు, గోడలు లేవు, తలుపు ఏ వైపు ఉండేదో చూస్తే తెలియదు.